బ్లేడు తగలని చెవి

మా ఆయనకి నా మీద తప్ప లోకంలో అందరి మీదా అనుమానమే. గ్యాస్ బండ తెచ్చేవాడు కొత్త బూట్లు వేసుకొస్తే అనుమానం. మీటరు చూసేవాడు నెలలో రెండోసారి వస్తే అనుమానం. బయటికెళ్ళేటప్పుడు బల్ల సొరుగుకి అడ్డంగా తల వెంట్రుక ఒకటి అంటించి వెళ్తారు, తిరిగొచ్చాక భూతద్దం పెట్టి మరీ చూస్తారు. "ఉన్న నాలుగు వెంట్రుకలూ సొరుగులకే అంటించేస్తే దువ్వెనకి పనేముంటుందండీ?" అంటే నవ్వరు. నవ్వితే అవతలివాడికి లోకువైపోతామట.

ఆయన తప్పేం లేదు లెండి. ముప్ఫై ఏళ్ళు నిఘా ఆఫీసులో బొమ్మలేసిన మనిషి. సాక్షిని ఎదురుగా కూచోబెట్టి, ముక్కు ఎలా ఉంది, నుదురు ఎంత ఉంది అని గుచ్చి గుచ్చి అడుగుతూ, తను చూడని మొహాన్ని కాగితం మీదికి తేవడం ఆయన పని. చెవి సంగతి ఆఖర్న అడిగేవారు. మీసం గీయించుకోవచ్చు, జుట్టుకి రంగేసుకోవచ్చు, చెవి జోలికి మాత్రం ఎవడూ పోడు అనేవారు. ఈయన చెప్పేవాటిలో సగం నేను వినను, అదీ వినలేదు.

ఓ ఏడాది సర్కారు మందుల గోదాములోంచి పెట్టెలకి పెట్టెలు మాయమయ్యాయి. వెనక గుమ్మం దగ్గర దొంగలకి తాళాలు ఇచ్చిన మనిషిని కాపలాదారు చూశాడు. అతను చెప్పినదాన్ని బట్టి ఈయన బొమ్మ వేశారు. వేసి చూసుకుంటే ఏముంది, సాక్షాత్తూ గోదాముల పెద్దాఫీసరు! పైవాళ్ళు బొమ్మ చూశారు, గది తలుపేశారు. "దవడ కాస్త సన్నం చెయ్యవయ్యా, బుగ్గ మీద గాటు పెట్టు" అన్నారు. అలా చేస్తే అది ఆ ఆఫీసరు కారు డ్రైవరు మొహమవుతుంది. ఆ సాయంత్రం ఈయన భోజనం ముందు కూచుని, చెయ్యి కడుక్కోకుండా, "ఏం చెయ్యమంటావ్?" అని నన్నడిగారు. "మనకెందుకొచ్చిన గొడవండీ, వేసిచ్చెయ్యండి" అన్నాను. వేసిచ్చారు. డ్రైవరు ఏడేళ్ళు జైల్లో ఉన్నాడు.

మొదటి బొమ్మని మాత్రం చొక్కా లోపల దాచి ఇంటికి తెచ్చుకున్నారు. అడుగున కాపలాదారు సంతకం, తేదీ ఉన్నాయి. రిటైరవగానే దాన్ని బయటపెట్టి ఆ ఆఫీసరు పరువు తీస్తానని శపథం. తీరా రిటైరై ఇల్లు మారేసరికి కాగితం లేదు! సామాను సర్దడానికొచ్చిన మా మరిది మీద పడ్డారు. "ఆఫీసరుకి అమ్ముకున్నావు కదరా" అన్నారు, సొంత తమ్ముణ్ణి. మరిది తెల్లబోయాడు. నా వైపు తిరిగి, "వదినా, నువ్వైనా చెప్పు" అన్నాడు. నేను గిన్నెలకి పాత పేపర్లు చుడుతూ ఉండిపోయాను. అన్నదమ్ములకి మాటల్లేక ఇప్పటికి పన్నెండేళ్ళు.

కాగితం లేదు, కక్ష ఉంది. అది తీర్చుకోవడానికి ఓ వారపత్రికలో 'ఏజెంట్ తాతయ్య' అని బొమ్మల కథ మొదలుపెట్టారు. అరవై దాటిన గూఢచారి ఒకడు, లంచాలు మింగి ఎదిగిన పాత అధికారిని వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. వారానికి ఒకసారైనా నీళ్ళ పైపు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతాడు. ఇక్కడ ఈయన మంచం దిగాలంటే నా భుజం కావాలి. చెయ్యి వణుకుతోందని నల్లరంగు నింపే పని నాకప్పగించారు. నీడలు, కోట్లు, టోపీలు అన్నీ నావే. పేజీలు బస్సులో పట్టుకెళ్ళి పత్రికాఫీసులో ఇచ్చేదీ నేనే.

మొన్నామధ్య కథ చివరికొచ్చింది. ఏజెంట్ తాతయ్య దొంగ మొహం మీది ముసుగు లాగేస్తాడు. ఆ గడిలో ఈయన ఆఫీసరు మొహాన్ని అచ్చుగుద్దినట్టు దించేశారు. ఆ మనిషి బతికే ఉన్నాడు. కుర్చీ దిగినా పలుకుబడి దిగలేదు. మనుషుల్ని పంపిస్తే? పైగా మూడు రోజుల నుంచి వీధి చివర ఓ బూడిదరంగు కారు కదలకుండా ఉంది. అది ఎదురింటివాళ్ళ అల్లుడిదనీ, బ్యాటరీ పోయి ఆగిందనీ తర్వాత తెలిసింది. ఈయన జబ్బు నాకూ అంటుకుంది మరి!

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే బ్లేడు తీశాను. సిరా గీతని పైపైన గీకితే అట్ట తెల్లబడుతుంది, తెల్లరంగు పూసి మళ్ళీ గీసుకోవచ్చు. ముక్కు వంకర తిప్పాను. మీసం దట్టం చేశాను. బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించాను. ఆరాక కవర్లో పెట్టి బస్సెక్కాను.

పత్రిక వచ్చింది. పేజీ తిప్పగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూశావా, ఎడిటర్ని కొనేశారు!" అని ఫోనెత్తి నానా మాటలూ అన్నారు. "మాకు ఏదొస్తే అదే అచ్చేశాం మాస్టారూ" అని అవతల ఆయన మొత్తుకున్నాడు. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి జారుకున్నాను. సాయంత్రానికి ఎవరెవరు చేసుంటారో ఓ కాగితం మీద ఏడుగురి పేర్లు రాసి నాకు చదివి వినిపించారు. అందులో నా పేరు లేదు. నన్ను కూడా ఒక్కసారి అనుమానిస్తే బావుణ్ణనిపించింది.

నాలుగు రోజులకి, పగటిపూటే, తలుపు బెల్లు మోగింది. ఈయన కన్నంలోంచి చాలాసేపు చూసి, గొళ్ళెం తీసి, వెనక్కి రెండడుగులు వేశారు. గుమ్మంలో ఓ పెద్దాయన, చేతిలో మడతపెట్టిన వారపత్రిక. బుగ్గ మీద గాటు.

"ఈ ఏజెంటు బొమ్మలేసేది మీరేనాండీ?"

"ఏం, ఎవరు పంపారు?" అన్నారు ఈయన.

"ఎవరూ పంపలేదండీ." పెద్దాయన పత్రిక విప్పి ముసుగు తీసిన గడి చూపించాడు. "ఈ మొహం ఎవరిదో నాకు తెలీదు. చెవి మాత్రం మా సారుది. పదకొండేళ్ళు కారు అద్దంలో చూశాను. ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి కూచునేవారు, మొహం చూపిస్తేగా! ఈ కింది చివర తెగి ఉంటుంది, ఇదిగో. ఇంత బాగా తెలిసినవాళ్ళు వేశారంటే, అప్పట్లో నా బొమ్మ వేసింది కూడా మీరేనేమోనని పత్రికాఫీసులో అడిగి వచ్చాను."

"నేనే" అన్నారు ఈయన. "పాపం చేశాను."

"తిట్టడానికి రాలేదండీ. ఆ మందులు అందక జనం పోయారంట, నువ్వే అమ్మావా నాన్నా, అని అడిగింది మా అమ్మాయి. కాదన్నాను. నమ్మలేదు. అప్పట్నుంచీ నా మొహం చూడదు. దానికి చూపించడానికి కాగితం ముక్క ఏదైనా ఉందేమోనని."

"ఉండేదయ్యా. నా తమ్ముడే దాన్ని..."

"ఇక చాలండీ" అన్నాను.

స్టూలు వేసుకుని అటక మీంచి ట్రంకు పెట్టె దించాను. అడుగున పరిచిన రంగు కాగితం చింపితే, దాని కింద ఉంది. కాపలాదారు సంతకం, తేదీ, తెగిన చెవితో సహా. పెద్దాయన రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని అందుకున్నాడు. "ఇల్లు మారేటప్పుడు నేనే దాచాను" అన్నాను. "భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది. ఈ బొమ్మలో ముక్కు గీకింది కూడా నేనే." పెద్దాయన కాగితాన్ని పత్రిక మధ్యలో నలగకుండా పెట్టుకుని, "బస్సుకి టైమైంది" అని వెళ్ళిపోయాడు.

మా ఆయన గొళ్ళెం వెయ్యడం మర్చిపోయారు. ఫోను తీసి నా చేతిలో పెట్టారు.

"వాడి నంబరు నీ దగ్గర ఉండే ఉంటుంది" అన్నారు.

ఉంది. నోటికొచ్చు. నొక్కి, ఇద్దరికీ వినిపించేలా స్పీకరు పెట్టాను. రెండో మోతకే ఎత్తాడు.

"ఏం వదినా, అన్నయ్య పడుకున్నాడా?" అన్నాడు, ప్రతిసారీ అడిగినట్టే.

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"లేదయ్యా, పక్కనే ఉన్నారు" అన్నాను. "ఆ రోజు నన్ను చెప్పమన్నావు చూడు, అది ఇప్పుడు చెప్తున్నాను. విను."