అక్క ఇంటి అట్ట గోడ

మొన్న ఆదివారం మార్కమ్‌లో తెలిసినవాళ్లింటికి భోజనానికి వెళితే, మా బావ కొత్తగా ఇళ్లు కొన్న ఇద్దరు కుర్రాళ్లను సోఫాలో కూర్చోబెట్టుకుని, పాత ఇంటి గోడలను ఎలా కాపాడుకోవాలో ఉపన్యాసం దంచుతున్నాడు. వాళ్లు ఫోన్లలో నోట్సు కూడా రాసుకుంటున్నారు. నవ్వు ఆపుకోలేక నా గారె సాంబారులో పడింది. గోడల గురించి మా బావ చెప్పడమంటే, పెళ్లిలో పులిహోర మాడ్చినవాడు వంటల పుస్తకం రాయడమే.

నేను తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టి, ఖమ్మంలో రంగులేసే పనిలో చేరినవాణ్ణి. మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని కెనడాలోని సార్నియా వచ్చి, ఇక్కడా గోడలనే నమ్ముకున్నాను. బావ ఇంజినీరు. ఆ సంగతి మనం అడగకపోయినా ఆయనే చెబుతాడు. మాకు రెండు వీధుల అవతల అక్కా బావా కొన్న పాత ఇంటికి బయటి గోడలన్నీ హార్డ్‌బోర్డ్ సైడింగ్. చెక్కపొట్టును జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన పలకలు, కిందిదాని మీదికి పైది కాస్త దిగేలా వరసగా కొట్టి ఉంటాయి. రంగు గట్టిగా ఉన్నన్నాళ్లు రాయే. కింది అంచు నుంచి నీళ్లు పీల్చాయా, టీలో ముంచిన రస్కే. మా బావకేమో గోడంటే ఇటుకా సిమెంటే. ఊళ్లో పండక్కి ఇల్లు కడిగినట్టు, ప్రతి దసరాకీ ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి, కింది నుంచి పైకి, సరిగ్గా పలకల సందుల్లోకి నీళ్లు కొట్టేవాడు.

"చూడ్రా, ఎలా మెరుస్తోందో!"

"మెరవడం కాదు బావా, ఉబ్బుతోంది. నెలలు నిండుతున్నట్టున్నాయి."

నీళ్లు లోపలికి పోతున్నాయని ఎట్టకేలకు బుర్రకెక్కాక ఇంకో ఘనకార్యం చేశాడు. పోయిన నీరు బయటికి జారడానికి కింద వదిలిన సందులన్నిటినీ సీలెంటుతో మూసేశాడు. వీడియోలో చూశాడట. నీళ్లను ఇంట్లోకి పిలిచి బయట గడియ పెట్టడానికి ఎంత చదువు కావాలో నాకు తెలియదు, నేను అంతవరకూ చదవలేదు.

రెండేళ్లకు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఫోటోలు తీసుకుని వెళ్లాడు. వెనకే ఉత్తరం వచ్చింది. నెలలోగా గోడలు బాగుచేయించకపోతే ఇన్సూరెన్సు రద్దు. అది లేకపోతే అక్క ఇంట్లో నడుపుతున్న డేకేర్ మూతపడుతుంది. "మళ్లీ ఆ ప్యాకింగ్ ఫ్యాక్టరీకి పోలేను తమ్ముడూ, నా నడుం వల్ల కాదు" అంది అక్క. ఆమె గొంతు అలా వినడం నాకదే మొదలు. నేను వెళ్లి గోడలో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది.

"బావా, ఇటు రండి. పైన కాస్త పంచదార చల్లితే డేకేర్ పిల్లలకు స్నాక్ పెట్టొచ్చు."

"వాగకు. నేను ఇంజినీర్ని."

"అందుకేగా ఈ గతి. నిచ్చెన పట్టుకోండి, అదైనా వచ్చేమో చూద్దాం."

మూడు వారాంతాలు పట్టింది. కుళ్లిన పలకలు ఊడదీసి, లోపలి చెక్క ఆరనిచ్చి, కొత్త పలకల అంచులకు, ముఖ్యంగా కోసిన చోట, రెండుసార్లు ప్రైమర్ వేసి, మేకులు మరీ లోపలికి దిగకుండా కొట్టాను. అంతసేపూ బావను తిడుతూనే ఉన్నాను. చివరికి మిగిలింది వంటింటి వెనక గోడ, అన్నిటికంటే అధ్వాన్నం. అక్కడ అక్క గోంగూర మడి ఉంది. సార్నియా తెలుగువాళ్లంతా కవర్లు పట్టుకుని వచ్చే మడి. మట్టి మూడు పలకల ఎత్తున గోడకు ఆనుకుని ఉంది, దానికి రోజూ రెండు బకెట్ల నీళ్లు. "ఏ తెలివైనవాడు..." అంటూ వెనక్కి తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు ఆ ఇంటికొచ్చిన మొదటి వేసవిలో, "గోడ పక్కన వేడిగా ఉంటుందక్కా, గోంగూర బ్రహ్మాండంగా వస్తుంది" అని ఆ మట్టిని తోపుడు బండిలో తెచ్చి పోసి, కాలితో తొక్కి సర్దింది నేనే. పచ్చడి మీద ఆశతో. రంగుల పని తెలిసిన నేను.

మట్టంతా తవ్వి తీసి, పలకలు మార్చి, వాటి కింది అంచుకు జానెడు దిగువన కంకర పరిచాను.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి, పలకల కింది అంచులను బొటనవేలితో నొక్కుకుంటూ ఇంటి చుట్టూ తిరిగాడు. వంటింటి వెనక ఆగి, ఫోన్లో పాత ఫోటో చూపించి, ఈ మట్టి ఇక్కడ పోసిందెవరని అడిగాడు. అక్క నా వైపు చూసింది. నేను నిచ్చెన మెట్లు లెక్కపెడుతున్నాను.

"నేనే సార్. తెలియక పోశాను" అన్నాడు బావ, తన ఇంజినీరు ఇంగ్లిషులో.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు చీవాట్లు పెట్టాడు. బావ చేతులు కట్టుకుని విన్నాడు. తరవాత కాగితం మీద సంతకం పడింది, డేకేర్ నిలబడింది. అక్క లోపలికెళ్లి కళ్లు తుడుచుకుని, టీ పెట్టింది. బావ నా పక్కన మెట్ల మీద కూర్చుని, "ఈసారి గోంగూర కుండీల్లో వేద్దాంరా" అన్నాడు. అంతే. ఇప్పటిదాకా ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆయన్ని వెక్కిరించడానికి నాకు ఇన్నేళ్లు దొరికాయి గానీ, ఆ మట్టి నాదని చెప్పడానికి ఒక్క సాయంత్రం దొరకలేదు.