పొద్దుకు అడ్డం నిలబడ్డ పిల్లలు

రాజవ్వ తడిచేత్తో పాత పంచె వెనకవైపు నీళ్లు చిలకరించి, దాని మీద నిన్న పెట్టిన బియ్యప్పిండి వడియాలను ఒక్కొక్కటే ఊడదీసింది. వాటిని తిరగేసి డాబా మీద మళ్లీ పరిచింది. ఫ్యాక్టరీ పొగ ముత్తంగి ఊరి వైపు పోతోంది, మసి పడే భయం లేదు. ఇక కావలసింది ఎండ ఒక్కటే. సాయంత్రం ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే లక్ష్మీకాంతం సేటు వస్తాడు. ఆయన విరిచినప్పుడు వడియం టక్కుమంటే క్యాంటీన్‌కు వడియాలు ఇక ఆమెవే. మెత్తగా వంగితే ఆయన బజారు ప్యాకెట్లు తెప్పించుకుంటాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మనవరాలు కౌసల్య, దోస్తులతో డాబా ఎక్కింది. సూర్యుడి గురించి తెలుసుకుని రమ్మని బడిలో చెప్పారట.

"నాయనమ్మా, పొద్దు మనకేం జేస్తది?"

"ఏం జెయ్యదే? వడియాల తడి గుంజుతది. మంజీర నీళ్లు గూడ గట్లనే గుంజి మబ్బు జేస్తది. ఎండ పడితేనే వరి ఆకు గింజకు తిండి తయారుజేస్తది."

"మరి బర్రె?" అన్నాడు పక్కింటి సంగప్ప.

"బర్రె గడ్డి తింటది. గడ్డికి తిండి ఎండతోనే. ఆ బర్రె పాలే నువ్వు తాగుతవు."

"అయితే నేను ఎండ తింటున్ననా?"

"ఇప్పుడైతే నా వడియాలు తింటున్నవు. చెయ్యి తియ్యి!"

సగం ఎండిన వడియమంటే పిల్లలకు ప్రాణం. వాటి చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. కాసేపటికి రాజవ్వ పడమటి వరసలో ఒక వడియం వంచి చూసింది. తమలపాకులా వంగింది. తక్కినవన్నీ గలగలమంటుంటే ఈ వరసకేమైంది? తలెత్తి చూస్తే, వడియాల మీద వరసగా ఆరు తలకాయల నీడలు.

"ఓరి మీ పాడుగాను! పొద్దు ముచ్చట అడగొచ్చి పొద్దుకే అడ్డం నిలబడ్డరా! తూర్పు దిక్కు నడువుండ్రి. కాకులను తోలుండ్రి."

పిల్లలు అటు మారారు. నీడలు వడియాలను వదిలి పిట్టగోడ మీదికి పోయాయి. ఆ వరస మాత్రం ఎండేదాకా రాజవ్వకు నిమ్మళం లేదు. మాటిమాటికీ వంచి చూస్తూనే ఉంది.

ఎండ వాలుతుండగా సేటు వచ్చాడు. నడుం మీద చేతులు పెట్టుకుని సరిగ్గా పడమటి వైపే నిలబడ్డాడు. ఆయన పొట్ట నీడ రెండు వరసలను కప్పేసింది.

"సేటూ, జరుగు! పొద్దు పని జేస్తున్నది!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

సేటు బిత్తరపోయి పక్కకు గెంతాడు. "ఏంది రాజవ్వా, గీ ఫౌజ్?"

"పనోళ్లు సేటూ. కూలి వడియాలల్లనే తీసుకున్నరు."

ఆయన వంగి, పడమటి వరసలోంచే ఒకటి తీసి విరిచాడు.

టక్.

రాజవ్వ వడియాలన్నీ రేకు డబ్బాలో నింపి, మూత బిగించి, సేటు చేతికిచ్చింది.