మా ముత్తాత చేపలు కొనలేదు: తెనాలి నుంచి సూర్యలంక మీదుగా రేపల్లె

మా ముత్తాత దొంగచాటుగా చేపలు తినేవాడని మా ఇంట్లో ఒక పాత గుసగుస. మాది ఉల్లిపాయ తరగడానికి కూడా తిథి చూసుకునే ఇల్లు, కాబట్టి అది చిన్న నింద కాదు. ఆయన పేరు పరంధామయ్య. తెల్లదొరల కాలంలో రేపల్లెలో సైన్సు మాస్టారు. జీతం బడిలో, ప్రాణమంతా గాలివానల్లో. డాబా మీద రేకు డబ్బా పెట్టి వాన కొలిచేవాడు, వెదురుగడకు తాటాకు చక్రం కట్టి గాలి చూసేవాడు. నెలకోసారి అత్తారింటికని బాపట్ల వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా సైకిలెక్కి సూర్యలంక సముద్రానికి పోయేవాడట. ఆయన పుస్తకాలన్నీ ఉప్పెనలో పోగా మిగిలింది అమ్మమ్మ పెట్టె అడుగున ఒక్క కాగితం. పైన "సూర్యలంక, పోలయ్య" అని, కింద ఇరవై తొమ్మిది వరసలు. ఒక్కో వరసకి ఒకటో, రెండో, మూడో. పదిహేడో వరసలో రెండు కొట్టేసి ఒకటి వేసి, పక్కన "పోలయ్యదే సరి" అని రాశాడు. జాలరి పేరు, పక్కన అంకెలు. ఇంకేముంది, మావాళ్లు అది చేపల లెక్కని తేల్చేశారు. బేరం కూడా ఆడాడని ఒక మాట కలిపారు.

ఆ మాస్టారి కూతురే మా అమ్మమ్మ. ఎనభై దాటిన మనిషి, తెనాలిలో మా పిన్ని దగ్గర ఉంటోంది. ఆయన పనిచేసిన బడిలో ఈ ఏడు కొత్త సైన్సు గది కట్టారని తెలిసి నేను ఫోన్ చేస్తే హెడ్మాస్టరుగారు మర్యాదగానే మాట్లాడారు. "ఆ గదికి పెద్దాయన పేరు పెట్టడం మాకూ ఇష్టమేనమ్మా. కానీ ఆయన చేసిన పనికి ఆధారం ఏంటని కమిటీవాళ్లు అడుగుతున్నారు. శనివారం మూడింటికి రాతిపలక చెక్కే ఆయనకి పేరు రాసిన కాగితం ఇచ్చేస్తాం. ఆలోగా ఏదైనా చూపించండి," అన్నారు. ఆ సంగతి చెబితే అమ్మమ్మ పెట్టె తెరిచి కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది చేపల లెక్కే అయితే నాకు చెప్పమాకు," అంది.

శనివారం పొద్దున ఆరున్నరకి తెనాలిలో పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ఎనిమిది రూపాయలు. కుడివైపు కిటికీ దొరికితే నిడుబ్రోలు దాకా పచ్చటి వరి మడులు చూస్తూ పోవచ్చు. ఎనిమిదింటికల్లా బాపట్లలో దిగి, స్టేషను బయట బండి మీద నాలుగు ఇడ్లీలు తిన్నాను. అల్లం పచ్చడి ఇంకోసారి అడిగితే ఆ బండావిడ గరిటెతో కాదు, గిన్నెతో వంచింది. సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, షేరాటోలో పది రూపాయలు. డ్రైవరు కరీం బాపట్లవాడే. పోలయ్య అనే జాలరి వాళ్ల ఇల్లు ఎక్కడని అడిగాను.

"ఏ పోలయ్యక్కా? ఐసు పెట్టెల పోలయ్యా, తాడు పోలయ్యా?"

"తాడేంటి?"

"మాస్టారి తాడు అంటారక్కా. కొత్త వలకి పూజ చేసేటప్పుడు బయటికి తీస్తారు. ఆ పోలయ్య పోయి చాన్నాళ్లయింది, మనవడున్నాడు."

మాస్టారు అన్న మాట వినగానే నేరుగా ఆ ఇంటికే పోనిమ్మన్నాను. మనవడి పేరు ఏడుకొండలు, యాభై ఏళ్లుంటాయి, ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నేను ఫలానా అని చెప్పగానే లేచి నిలబడ్డాడు. "అంకమ్మా, మాస్టారి మునిమనవరాలు వచ్చింది," అని భార్యని కేకేశాడు. ఆవిడ దేవుడి గూట్లోంచి ఇత్తడి చెంబు దించి, దాంట్లోంచి పసుపు పట్టి గట్టిపడిన నూలు తాడు తీసింది. దానికి వరసగా ముడులు. మధ్యమధ్య గుడ్డపీలికలు.

"మా తాతకి రాయడం రాదండి," అన్నాడు ఏడుకొండలు. "తెల్లారగట్ల ఒడ్డున నిలబడి ముడేసేవాడు. గాలి సముద్రం మీంచి వస్తే ఒకటి, నేల మీంచి వస్తే రెండు పక్కపక్కన. పడవ దించలేని గాలైతే మూడు. అమావాస్యకి గుడ్డపీలిక. మాస్టారు వచ్చి ఆ ముడులు చూసి పుస్తకంలో రాసుకునేవాడంట."

నేను కాగితం తీసి చూశాను: ఇరవై తొమ్మిది వరసలు. అమావాస్య నుంచి అమావాస్యకి ఇరవై తొమ్మిది రోజులు! గాలి లెక్క రాసుకున్న కాగితంలో మేం ఇన్నేళ్లూ చేపలు లెక్కపెట్టాం.

అంకమ్మ తాడు చివర పట్టుకుని చూపించింది. "ఈ ఎర్ర పీలిక కాణ్ణుంచి ఉన్నయ్యి మావండి. ఏటా పూజకి భక్తి కొద్దీ ఒకటి కడతాం. మాస్టారి వాటిల్లో కలపమాకండి," అంది. అంత నిక్కచ్చి మనిషిని ఏ ప్రయోగశాలలోనైనా పెట్టుకోవచ్చు. అయితే తాడు ఇమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. గూడు దాటితే తమ ఇంటి మనిషి వెంట ఉండాల్సిందే అంది. ఏడుకొండలు చొక్కా మార్చుకుని, చెంబు ఒళ్లో పెట్టుకుని నాతో బయల్దేరాడు.

బాపట్ల నుంచి రేపల్లెకి నేరు బస్సు కోసం నలభై నిమిషాలు చూసి, చెరుకుపల్లిలో మారాం. మనిషికి పాతిక లోపే. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంటే నేను గడియారం చూడటం, ఆయన చెంబు చూసుకోవడం. రెండుంబావుకి బడి చేరాం.

హెడ్మాస్టరుగారు మంచి పని చేశారు. కాగితం తన దగ్గర పెట్టుకుని, ఏడుకొండల్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో రోజూ తడిమి చెప్పమన్నారు. తాడులో నాలుగు నెలలు మిగిలాయి. మొదటి నెల ఐదో రోజుకే తప్పింది. రెండోది మూడో రోజుకి. మూడో నెల మొదలైంది.

"ఒకటి. ఒకటి. రెండు. ఒకటి. మూడు." హెడ్మాస్టరుగారి పెన్సిలు టిక్కులు పెడుతూనే ఉంది. పదహారు దాకా వచ్చి ఆగింది. "తర్వాతది జాగ్రత్తగా చెప్పండి."

ఏడుకొండలు రెండుసార్లు తడిమాడు. "ఒకటేనండి."

హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీశారు. "మాస్టారు ముందు రెండు రాసుకున్నారమ్మా. సూర్యలంక వెళ్లిన రోజు ఆయన తన కళ్లతో చూసిందేమో అది. తాడు చూశాక తనది కొట్టేసుకున్నారు. పోలయ్యదే సరి అన్నారు." మిగతా పన్నెండు రోజులూ అక్షరాలా కుదిరాయి.

"పలక మీద పరంధామయ్య మాస్టారని రాయిస్తాను," అన్నారాయన. ఆ మాట కోసమే తెల్లారకముందే లేచి వచ్చినదాన్ని. కానీ ఆ కొట్టేసిన రెండు కళ్ల ముందుంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. కింద పోలయ్య పేరు కూడా ఉండాలన్నాను.

"మా తాతకి సంతకం కూడా రాదండి," అన్నాడు ఏడుకొండలు కంగారుగా.

"పర్లేదు, రాసేది మేం కదా," అని హెడ్మాస్టరుగారు పలక కోసం ఉంచిన కాగితం మీద రెండో పేరు రాశారు.

బడి మెట్ల మీద నుంచే తెనాలికి ఫోన్ చేశాను. "చేపలు కాదు అమ్మమ్మా, గాలి," అంటూ అంతా చెప్పాను. అమ్మమ్మ వెంటనే అంది: "ఉండు, మీ పిన్నిని పిలుస్తాను. మళ్లీ మొదట్నుంచి చెప్పు. గట్టిగా చెప్పు."

తిరుగు రైల్లో తెనాలి వస్తూ అనుకున్నాను, మా ముత్తాత సైన్సు చదివాడని ఇంతకాలం గర్వపడ్డాను. ఇప్పుడు గర్వం ఇంకోచోటికి జరిగింది. చదువురాని మనిషి వేసిన ముడి ముందు తన అంకెని తానే కొట్టేసుకున్న మాస్టారాయన. ఆ కాలంలో, ఆ ఊళ్లో, ఎవరూ చూడని ఒక కాగితం మీద ఆ పని చేశాడు. అందుకు నాకు చెప్పలేనంత గర్వంగా ఉంది.

మీరూ ఈ దారిన వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. సూర్యలంకకి ఎనిమిదిన్నరలోపే చేరుకోండి, ఆ తర్వాత ఇసక కాలుతుంది. ఒడ్డున ఎవరైనా పెద్దాయన కనిపిస్తే ఇవాళ గాలి ఎటు నుంచో అడగండి. మీ లెక్క ఆయన లెక్కతో కలవకపోతే, మీది కొట్టేసుకోండి.