కుళాయి గోడ మీద నా వార్త

డిగ్రీ అయ్యాక, మేముండే బెంగాలీ రైల్వే ఊళ్లో కాలేజీలోనే సాయంత్రం పూట జర్నలిజం కోర్సులో చేరాను. డెబ్బైల మొదట్లో సంగతి. తరగతిలో ఆడపిల్లని నేనొక్కదాన్నే, తెలుగుదాన్నీ నేనొక్కదాన్నే. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే క్వార్టర్లలో, తెలుగువాళ్లుండే లైన్లో ఉండేవాళ్లం.

మాస్టారు కలకత్తాలో ఏదో పత్రికలో పనిచేసి వచ్చిన బెంగాలీ ఆయన. నెలకోసారి మా చేత గోడపత్రిక రాయించి కాలేజీ వరండాలో అతికించేవారు. ఆ నెల నేను మా లైన్లో కుళాయికి నీళ్లు రాని సంగతి రాశాను. మూడు వారాలుగా ఆడవాళ్లు పక్క లైనుకి బిందెలు మోసుకెళ్తున్నారు. నిండు చూలాలొకామె జారిపడింది. ఫిర్యాదు కాగితం రైల్వే ఆఫీసులో ఏ బల్ల దగ్గర ఆగిపోయిందో కూడా కనుక్కుని రాశాను.

మాస్టారు చదివి పక్కన పెట్టేశారు.

"ఇది వార్త కాదు, వీధి కుళాయి గొడవ. మొన్న స్టేషనుకొచ్చిన మంత్రి గురించి రాయి."

"మంత్రి ఒక్క పూట వచ్చి వెళ్లాడు సార్. నీళ్లు మూడు వారాలుగా రావట్లేదు," అన్నాను.

తరగతంతా నవ్వింది. నా కాగితం గోడెక్కలేదు.

ఇంటికెళ్లి దాన్నే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, మైదాపిండి ఉడికించి, ఆ ఎండిపోయిన కుళాయి పక్క గోడకే అతికించాను. చదువు రానివాళ్లకి నేనే చదివి వినిపించాను. మూడోనాడు ఎవరో చింపేశారు. మళ్లీ రాశాను. ఈసారి నాన్నని ఆఫీసుకి పిలిపించారు.

నాన్న వచ్చి, సైకిలు గోడకి ఆనించి, "నువ్వు రాసినదాన్లో అబద్దం ఏటైనా ఉందేటమ్మా?" అనడిగాడు.

"లేదు నాన్నా. అంతా నా కళ్లతో సూసిందే."

"తప్పయిపోనాదని నీ సేత రాయించి తెమ్మన్నారు. నాకు రాత రాదు, దానికి తప్పుడు రాత రాదు అని సెప్పీసి వచ్చినాను."

నాన్నని ఎక్కడికి బదిలీ చేస్తారోనని భయం వేసింది. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అయినా మూడోసారి రాశాను. ఈసారి దాని కింద మా లైను ఆడవాళ్లంతా వేలిముద్రలు వేశారు. ఆ కాగితం జోలికి ఎవరూ రాలేదు. పైపు మార్చడానికి ఇంకో నెల పట్టింది. అది నా రాత వల్లనేనా అంటే చెప్పలేను.

మాస్టారు ఆ నెల గోడపత్రికకి నాకు సున్నా వేశారు. కోర్సు మానేస్తాననుకున్నారేమో. మర్నాడు వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను.

"ఈ నెల దేని మీద రాస్తావు?" అనడిగారు.

"మా లైను మురుక్కాలవ మీద సార్," అన్నాను.