మా మెకానిక్ బావ సెల్లుల జాడీలు

మా మాదాపూర్ గల్లీల రేడియోలు, టీవీలు బాగుచేసే మెకానిక్ బావ పోయిండు. పొద్దుగాల ఛాతిల నొప్పన్నడంట. దవాఖానకు తీస్కపోయే ఆటో గల్లీ మలుపు తిరగకముందే పానం పోయింది. నాకు కబురు చెప్పొచ్చినోళ్లను చూసి నేను నవ్విన. "నాకే టోపీ పెడ్తుండ్రా?" అన్న. వాళ్లు నవ్వలే. నేను కొట్టు దిక్కు ఉరికిన. నా రేడియో ఇంకా ఆయన టేబుల్ మీద కడుపు విప్పుకొనే ఉండె.

నేను చదివింది నాలుగో తరగతి. రాతల తప్పులుంటే మీరే సదురుకోండ్రి. ఆయన నాకు సుట్టం కాదు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి మా గల్లీల కొట్టు కిరాయికి తీసుకున్నడు. వరుస కలుపుకొని నేను బావా అన్న, ఆయన నన్ను బావా అన్నడు. ఆయన ఇంటామె నాకు చెల్లె అయింది. బావ అన్నంక ఆటపట్టియ్యకుంట, ఆడించకుంట ఉంటమా?

ఆయన కొట్టుల టేబుల్ కింద ఏడు జాడీలుండె. తొక్కు పెట్టుకునే జాడీలే. వాటి నిండ చచ్చిన సెల్లులు. టార్చిలైటుదైనా, గోడగడియారందైనా, గల్లీల ఎవ్వరూ సెల్లు బయట పారెయ్యొద్దు, తెచ్చి ఆయనకియ్యాలె. తెచ్చినా ఊకనే తీసుకోకపోతుండె. రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు ఒకటి పెట్టుకున్నడు. దాన్ని సెల్లుకు ఆనిచ్చి చూసేటోడు. జరంత ఎర్రబడ్డా సరే వాపస్ ఇచ్చేటోడు. "ఇంకా బతికే ఉన్నది, తీస్కపో. గోడగడియారంల ఎయ్యి, ఇంకొన్ని దినాలు తిప్పుతది" అనేటోడు. నిజంగ చచ్చిందే జాడీల పడేది. జాడీ నిండినంక మూత చుట్టూ మైనం పోసేటోడు, తడి తగలొద్దని.

"ఏంది బావా, సెల్లుల తొక్కు పెడ్తున్నవా? ఉప్పు సరిపోయిందా?" అని నేను పొద్దూకులు అడిగేటోణ్ని.

"నీ దినానికి వడ్డిస్త తియ్" అనేటోడు, తలెత్తకుంట.

పాడైన టీవీల పిక్చర్ ట్యూబులను గూడ పాత సామాను కొనే కబాడోళ్లకు ఇయ్యకపోతుండె. వాటిని మల్ల బాగుచేసే కార్ఖానా ఒకటి పట్నంల ఉండె. పగలకుంట గాడికి తీస్కపోవాలె. ట్యూబును బొంతల చుట్టి, ఒళ్లె పెట్టుకొని బస్సుల కూసునేటోడు. ఒకపారి నేను గూడ ఎంబడి పోయిన. బస్సు మస్తు నిండి ఉండె. "జరగుండ్రమ్మా, బాలింత ఉన్నది, జర సీటియ్యుండ్రి" అని లొల్లి చేసిన. ఒక ముసలమ్మ లేచి సీటిచ్చి, బొంత జరిపి చూసింది. లోపట గాజు మూతి కనవడంగనే కెవ్వుమన్నది. బావ సిగ్గుతోని చచ్చిపోయిండు గని, దిగేదాక ఆ బొంత మీద చెయ్యి మాత్రం తియ్యలే.

"గింత పరేషాన్ ఎందుకు బావా, చెత్తకుప్పల పడేస్తే అయిపాయె గదా" అని ఒకనాడు అడిగిన.

ఆయన చేతుల పని ఆపిండు. "మా ఉస్తాద్ ఇరవయ్యేండ్లు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరగబెట్టిండు. చివరికి ఛాయ్ గిలాస నోటి దాక తెచ్చుకోలేకపోయిండు, చేతులు గట్ల వణికేటివి. నేనే పట్టి తాపిన" అన్నడు. మల్ల పనిల పడి, "సామాను చస్తది గని, దాంట్ల ఉన్నది చావదు బావా" అన్నడు.

మా దిక్కు పెద్ద బిల్డింగులు లేస్తున్నయి గదా. లారీల నిండ కంప్యూటర్లు దిగుతుంటే గల్లీ అంత నిలబడి చూస్తది. ఆయన గూడ చూసేటోడు, గని మొఖంల సంబరం ఉండకపోతుండె. "ఇయన్ని ఒకనాడు పాడైతయి బావా. అప్పుడు ఏడ పెడ్తరు?" అనేటోడు. "నీ జాడీల పెడ్తరు" అని నేను నవ్వేటోణ్ని. ఇప్పుడు లారీ కనవడితే నాకు గుబులైతుంది. ఆ ఫికర్ ఆయన పోతపోత నాకంటించి పోయిండు.

ఇగ నా తప్పు చెప్త. ఐదారేండ్ల కిందటి ముచ్చట. మా ఇంట్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ పాడైంది. బావ చూసి ట్యూబు పోయింది, నా దగ్గర పెట్టు అన్నడు. నేను పెట్టలే. లోపట రాగి తీగ ఉంటదని, చెక్కడబ్బా కోళ్లగూటికి పనికొస్తదని నాకు ఆశ. పెరట్ల పెట్టి రోకలితోని ఒక్కటిచ్చిన. బాంబు పేలినట్టు పేలింది. పెరడంత గాజు, తెల్లపొడి. రాగి తీగను ఆడనే కాల్చిన. పైపైన ఊడ్చి, డబ్బాల కోళ్లను కమ్మిన.

పది దినాలల్ల ఆరు కోళ్లు కాళ్లు ముడుసుకొని పడ్డయి. గొంతుల గాజు దిగిందో, పొడి తిన్నయో, నాకేం తెలుసు. భయమైంది. ఇంట్ల చెప్తే నా ముసలిది రోకలి నా మీద ఎత్తుతది. అందుకని, "చెల్లె పుంజు మా పెరట్లకు వచ్చిపోతున్నది, తెగులు అదే తెచ్చింది" అని గల్లీ అంత చెప్పిన. చెల్లె ఆ పుంజును పిల్ల లెక్క సాదింది. నలుగురు అనేసరికి, ఏడ్సుకుంట సంతకు పంపింది.

బావ మాత్రం పెరట్లకొచ్చి ఒక్కపారి చూసిండు. ఆయనకు తెలిసిపోయింది. "బావా, ముచ్చట్లు తర్వాత. ముందుగాల చేతులు కడుక్కో" అన్నడు. ఆ కోళ్లను వండనియ్యలే. తడిగుడ్డతోని పొడి ఎత్తి, నాలుగు వేళ్ల లోతు మట్టి తవ్వి, డబ్బాలకెత్తి మూత బిగించిండు. చెల్లెకు చెప్పకని నేను ఒట్టు పెట్టించుకున్న. ఆయన ఇంట్ల ఆయన పెండ్లాము ఏడుస్తుంటే చూసుకుంట గూడ నోరు విప్పలే.

ఆయన దినం అయిన తెల్లారి, కొట్టు ఖాళీ చెయ్యిమని ఓనర్ వచ్చిండు. నేను పోయేసరికి ఏడు జాడీలు తోపుడుబండి మీదికెక్కినయి. పసుపు కుంకుమ గూడ పెట్టిండ్రు.

"ఏడికి చెల్లే?" అన్న.

"చెరువుకు అన్నా. పోయినోళ్లకు పానమసొంటియి నీళ్లల్ల ఇడుస్తం గదా. ఆయన తిండి మర్సిండు గని ఈటిని మరవలే. ఆయన ఎనకనే పోనీ."

ఏ నీళ్ల తడి తగలొద్దని ఇన్నేండ్లు మైనం పోసిండో, ఆ నీళ్లల్లనే ఇడుస్తరంట! అదీ ఆయన మీది ప్రేమ, పాయిరంతోని. "వద్దు చెల్లే, అండ్ల విషమున్నది" అన్న. బండి పట్టుకున్నోళ్లు పకపక నవ్విండ్రు. "వచ్చిండమ్మా తాత! పక్కింటి కిటికీలకెళ్లి టీవీ చూసినా బిల్లొస్తదన్నది నువ్వే గదా?" అన్నడొకడు. వాళ్ల తప్పేమున్నది? ఆ మాట నమ్మి గల్లీ అంత వారం దినాలు కిటికీలు మూసుకున్నరు. బండి కదిలింది. నేను చక్రానికి అడ్డంగ కాలు పెట్టిన. ఇగ ఒక్కటే దారి కనవడ్డది.

"చెల్లే, నీ పుంజు తెగులు తేలే. నా కోళ్లను నేనే సంపిన" అన్న.

అందరి నవ్వు ఆగింది. రోకలి, గాజు, తెల్లపొడి, ఒట్టు, అన్ని చెప్పిన. చెల్లె నన్నే చూస్తున్నది.

"ఆయనకు ఎరికేనా?" అన్నది.

"ఎరికే. నేనే ఒట్టు పెట్టించుకున్న."

ఆమె ఇగ నా దిక్కు చూడలే. కొంగు నడుముకు చెక్కి, మొదటి జాడీని బండి మీదికెళ్లి తనే దించింది. "ఎత్తకపో. నీ ఇంట్ల పెట్టుకో" అన్నది. అప్పటిసంది నాతోని మాట బంద్.

జాడీలు, వాటితోపాటు తెచ్చుకున్న బావ చిన్న బల్బు మా ఇంటి అరుగు మీద, వాన తగలని మూలకున్నయి. వీటిని ఎవరికియ్యాలె? కార్ఖానాల అడిగిన, ట్యూబులైతే తే అన్నరు గని సెల్లులు మాకొద్దన్నరు. ఒకాయన గుంత తీసి పాతిపెట్టుమన్నడు. మా బోరింగు ఆడనే ఉన్నది గదయ్యా! నాకు డెబ్భై దాటినయి, నా ఎనక ఈటిని చూసేటోడెవరు? మీల ఎవ్వరికన్న దారి తెలిస్తే వచ్చి చెప్పుండ్రి. ఈపారి ఆడిస్తలేను.

మొన్న పొద్దుగాల చెల్లె వచ్చి అరుగు ముందట నిలబడ్డది. పిడికిలి విప్పింది. రెండు సెల్లులు.

"ఆయన టార్చిల ఉండె" అన్నది. "అంటుకుంటలేదు."

నేను బావ బల్బు తీసి, వైర్లు ఆనిచ్చిన. ఇద్దరం వంగి చూసినం. లోపట తీగ, దానిమ్మ గింజ లెక్క, సన్నగ ఎర్రబడ్డది.

"ఇంకా బతికే ఉన్నది చెల్లే" అన్న. "తీస్కపో. గోడగడియారంల ఎయ్యి."

ఆమె ఆ రెండింటిని కొంగుల ముడేసుకున్నది. గల్లీ మలుపు దాక ఆ ముడి మీద చెయ్యి తియ్యకుంటనే పోయింది.