సస్పెండ్ హో గయా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ ఏడాది నా జ్ఞానానికి జంషెడ్‌పూర్ మొత్తం ఇరుకనిపించేది. కలకత్తాలో ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఊరి చివర బారిడీహ్‌లో మా ఇంట్లో కూర్చునే పనిచేసేదాన్ని. ఇంటి నుంచి పని అనే మాట అప్పుడప్పుడే మా వీధిలోకి వచ్చింది. మా వీధిలో ఉద్యోగం అంటే దానికో సైరన్ ఉండాలి, షిఫ్టు ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక గేటు ఉండాలి. గేటు లేని నా ఉద్యోగాన్ని మా నాన్న (స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యాడు) ఏమీ అనలేదు గానీ, ఎవరైనా "అమ్మాయి ఎక్కడ చేత్తంది?" అని అడిగితే ఇంటి లోపలికి చెయ్యి చూపించి వెంటనే కూరగాయల ధరల్లోకి వెళ్ళిపోయేవాడు.

ల్యాప్‌టాప్ నా సొంతం. దాంట్లో ఉన్న విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానంటే మా క్లాసులో చశ్మా అనేవాడు వేసుకున్నాడు కనక. (చశ్మా అంటే కళ్ళజోడు. వాడి అసలు పేరు లెక్చరర్లకి కూడా గుర్తుండేది కాదు.) "విండోస్ వాడటం అంటే అద్దింట్లో ఉండటం. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. లినక్స్ సొంతిల్లు" అనేవాడు. సొంతింట్లో పైపు పగిలితే ఎవర్ని పిలవాలో మాత్రం చెప్పలేదు. పైపు పగిలింది. మూత వేస్తే నా ల్యాప్‌టాప్ నిద్రపోయేది, తీస్తే లేచేది కాదు. తెర నల్లగా, లోపల ఫ్యాను గుర్రుమంటూ, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. పవర్ బటన్ గట్టిగా అదిమిపట్టి చంపేసి మళ్ళీ పుట్టించాల్సిందే, ఈలోగా అప్పటిదాకా చేసిన పనంతా గంగలో కలిసేది. ఇలా నిద్రపుచ్చడాన్ని లినక్స్ భాషలో సస్పెండ్ అంటారు.

మూత వెయ్యడం మానేస్తే సరిపోయేది కదా అని మీరనొచ్చు. మీకు మా అమ్మ తెలియదు. ప్లాంటు పక్కన కాపురం చేసిన ఆడవాళ్ళకి మూత తీసి ఉన్న వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పప్పు గిన్నె, నీళ్ళ బిందె, ల్యాప్‌టాప్ అన్నీ ఆవిడకి ఒకటే. నేను మంచినీళ్ళకని లేచి వచ్చేసరికి మూత పడి ఉండేది. "దుమ్ము పడతాదని ఏసేనే" అనేది. మూత వేసినా నిద్రపోకుండా ఉండేలా సెట్టింగు మార్చాను. ఆవిడ మూతేసి, పైన క్రోషియా గుడ్డ కూడా కప్పింది. ఆ గుడ్డ కింద అది పెనంలా కాగిపోయింది. సెట్టింగు మళ్ళీ వెనక్కి మార్చాను.

ఇక్కడ పరిస్థితి ఏమిటంటే నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. పొద్దుటి మీటింగుకి నేను రాకపోవడం, ల్యాప్‌టాప్ లేవలేదని చెప్పడం మా బాస్‌కి విసుగు పుట్టించింది. ఆయన బెంగాలీ హిందీలో చాలా మర్యాదగా చెప్పాడు: వచ్చే గురువారం కస్టమర్‌కి మన పని చూపించేది నువ్వే, ఆ రోజు కూడా నీ మెషీన్ నిద్రపోతే నువ్వు కూడా ఇంట్లో హాయిగా నిద్రపోవచ్చు. ఉద్యోగం పోతే పోయింది, గేటు లేని ఉద్యోగం ఇంతేనని వీధి వీధంతా తల ఊపే దృశ్యం తల్చుకుంటేనే అన్నం దిగేది కాదు.

ఇంక యుద్ధం మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో నాలాంటి దుఃఖితులు రాసుకున్నవన్నీ చదివాను. ల్యాప్‌టాప్‌లకి రెండు రకాల నిద్రలుంటాయట, కునుకు ఒకటీ గాఢనిద్ర ఒకటీ. కునుకు తీసేసి గాఢనిద్ర పెట్టాను. గాఢనిద్ర తీసేసి కునుకు పెట్టాను. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వేశాను, పాతది వేశాను. ఒక జర్మనీ ఆయన తన సమస్య తీరిపోయిందని సంతోషంగా రాశాడు గానీ ఎలా తీరిందో రాయలేదు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

ఆఖరికి వరండాలో నించుని చశ్మాకి ఫోన్ చేశాను. మా ఇద్దరి మాటలు హిందీలోనే. "కల్ ఫిర్ సస్పెండ్ హో గయా యార్. ఉఠ్ హీ నహీ రహా. వజహ్ భీ నహీ బతాయా" అన్నాను. నిన్న మళ్ళీ సస్పెండయింది, లేవడమే లేదు, కారణం కూడా చెప్పలేదు అని. హిందీ వచ్చినవాళ్ళకి ఇందులో తికమకేమీ లేదు. ఆడపిల్లని, నా గురించి చెప్పుకుంటే "హో గయీ" అంటాను, "హో గయా" అన్నానంటే అది ల్యాప్‌టాపే. కానీ శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చిన మా ఇంటి హిందీలో ఆడా మగా తేడా లేదు, నువ్వూ నేనూ తేడా కూడా లేదు. మా అమ్మ హిందీలో ఎవరొచ్చినా ఒకటే మాట, తనూ ఆ గయా, నేనూ ఆ గయా, పాలవాడూ ఆ గయా, పాలూ ఆ గయా. ఆవిడ అప్పుడు మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కూతురు సస్పెండ్ హో గయా అని విన్నది.

మా ఊళ్ళో అది మామూలు మాట కాదు. ఫలానావాడు పోయాడని వీధిలో గట్టిగానే చెప్పుకుంటారు, ఫలానావాడు సస్పెండయ్యాడని మాత్రం చెవి దగ్గరికొచ్చి చెప్తారు. అమ్మ నన్నేమీ అడగలేదు. నాన్న చెవిలో చెప్పింది. ఆ పూట నుంచి నా కంచంలో నెయ్యి ఎక్కువైంది. చేప ముక్కల్లో పెద్దది నాకే పడింది. పొద్దెక్కి లేచినా ఎవరూ ఏమీ అనడం లేదు, నేను గదిలో ఉంటే నాన్న టీవీ గొంతు తగ్గించేస్తున్నాడు. ఇన్నాళ్ళకి వీళ్ళకి ఇంటి నుంచి పని అంటే ఏమిటో అర్థమైంది అనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండో రోజో మూడో రోజో ఊళ్ళోనే బర్మామైన్స్ పేట నుంచి మావయ్య స్కూటరేసుకుని వచ్చాడు. అమ్మ తమ్ముడు. కాంట్రాక్టు కూలీల యూనియన్లో తిరిగేవాడు, అందుకని మాకు యూనియన్ మావయ్య. నా మంచం మీద చివర కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏటే గుంటా, సస్పెండంట కదా."

మా మావయ్య కూడా కంప్యూటర్ల గురించి అడిగే రోజొచ్చిందని నాకు ముచ్చటేసింది. "అవును మావయ్యా, రోజూ ఇదే గొడవ."

"చార్జిసీట్ పెట్టేరేటి?"

నాకు చార్జి అన్న మాటే వినబడింది. "చార్జి పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే."

"చార్జి పెట్టకండా సస్పెండ్ సేత్తారేటి? మరి కారణం?"

"కారణమేముంది మావయ్యా, మూత పడితే చాలు, సస్పెండే."

మావయ్య లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ వాళ్ళక్కతో, అదే మా అమ్మతో, ఏమన్నాడో నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. "అప్పా, ఆ కంపెనీయే మూతపడిపోనాదట. ఇంక యూనియనోల్లం మాత్రం ఏటి సేత్తాం?" అన్నాడట.

ఆ సాయంత్రం నాన్న స్కూటర్ తీసి, "రా అమ్మా, అలా తిరిగొద్దాం" అన్నాడు. నాన్నతో అలా తిరగడం నా చిన్నప్పుడే అయిపోయింది. అమ్మ మూతేసేస్తుందేమోనన్న భయంతో ల్యాప్‌టాప్‌ని బ్యాగులో పెట్టుకుని వెనకాల కూర్చున్నాను. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి, సోనారి దాకా తీసుకెళ్ళాడు. అక్కడ చిన్న విమానాశ్రయం గోడ పక్కన, ఒక చెట్టు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, పల్లీల పొట్లం చేతిలో పెట్టాడు.

"నాను ఇక్కడే కూకునీవోణ్ణి" అన్నాడు.

"ఎప్పుడు నాన్నా?"

"నన్ను సస్పెండ్ సేసినప్పుడు." గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఎవలికీ సెప్పనేదు. మీ అమ్మకీ సెప్పనేదు. పొద్దున్నే యూనిఫాం ఏసుకుని, టిఫిన్ డబ్బా కట్టించుకుని, డ్యూటీకని సెప్పి ఇటొచ్చీసీవోణ్ణి. బారిడీహోల్లు ఇటేపెవలొత్తారు. ఇమానం ఎప్పుడెగురుతాదా అని సూసీవోణ్ణి. అదీ రోజూ ఎగిరీది కాదు."

ఎందుకు సస్పెండ్ చేశారని అడిగాను.

"నిద్దరోయేను. సి షిఫ్టులో, క్రేను కేబిన్లో. ఫోర్‌మేన్ పైకెక్కొచ్చి సూసేడు." కొంచెం నవ్వాడు. "నువ్వప్పుడు నెలల పిల్లవి. నైట్ డ్యూటీ సేసొచ్చి పగులు పడుకుందామంటే నువ్వు పడుకోనిచ్చీదానివి కాదు. బుజం మీదుంటే నిద్దరోయీదానివి, కిందకి దింపితే లేసిపోయీదానివి. మీ అమ్మకి అప్పుడు ఒంట్లో బాగుణ్ణేదు. అందికని నానే ఎత్తుకు తిరిగీవోణ్ణి. దీనికి సిగ్గేటమ్మా. మల్లీ తీసుకున్నారు. నిన్నూ తీసుకుంటారు."

అప్పటికి గాని నాకు నెయ్యీ, చేప ముక్కా, మావయ్య చార్జిషీటూ అర్థం కాలేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "నాన్నా, సస్పెండయింది నేను కాదు. ఈ ల్యాప్‌టాప్. మెషీన్‌లో ప్రాబ్లం, అంతే" అన్నాను.

నాన్న నా వైపు ఎంత జాలిగా చూశాడంటే, అలాంటి చూపు నాకు మళ్ళీ తగల్లేదు. "అవునమ్మా, మెషీనే. మీ అమ్మకి నానూ అదే సెప్పేను. క్రేను బ్రేక్‌డౌన్లో ఉంది, అందికే నైట్ డ్యూటీ వెయ్యట్నేదని."

నిజం చెప్పి కూడా అబద్ధాలకోరునయ్యాను. ఇంక లాభం లేదని బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, "చూడు, నువ్వే చూడు, లేవదిది" అని మూత ఎత్తాను. అది బుద్ధిమంతురాలిలా కళ్ళు తెరిచింది. మూసి మళ్ళీ తీశాను. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు మూసినా అన్నిసార్లూ లేచింది. నాన్న దాని వైపు చూసి, "మంచి మెషీనే" అన్నాడు మెల్లిగా, నా భుజం తట్టి.

ఇంటికెళ్తున్నంతసేపూ స్కూటర్ వెనకాల కూర్చుని ఒకటే ఆలోచన. బారిడీహ్‌లో లేవనిది సోనారిలో ఎందుకు లేచినట్టు? ఇంటికొచ్చి టేబుల్ మీద చూస్తే జవాబు అక్కడే ఉంది. వైర్లెస్ మౌస్ తాలూకు బుల్లి ముక్క, ల్యాప్‌టాప్ పక్కన గుచ్చేది, చింతగింజంత ఉంటుంది. బ్యాగులో పెట్టుకునేటప్పుడు అది పీకి టేబుల్ మీద పడేసి వెళ్ళాను. దాన్ని గుచ్చి మూతేసి తీశాను, లేవలేదు. పీకేసి మూతేసి తీశాను, లేచింది. నేను కెర్నల్ పేగులన్నీ తోడి చూసిన రోగం చింతగింజ దగ్గరుంది. (చశ్మాతో మాత్రం ఈ మాట అనలేదు. ఆ యూఎస్‌బీ పోర్టుకి ఒక నియమం రాసి సాధించానని చెప్పాను. తరవాత పరువు కోసం ఆ నియమం నిజంగానే రాశాను, అదీ పనిచేసింది.)

గురువారం మీటింగుకి ముందు నేను నీళ్ళకి లేచాను. వచ్చేసరికి అమ్మ అలవాటు ప్రకారం మూతేసేసింది. తీశాను. లేచింది. కస్టమర్‌కి అంతా చూపించాను, బాస్ "షాబాష్" అన్నాడు, ఆ నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేశారు. ఆ మాట నాన్నతో చెప్తే, "రీఇన్‌స్టేట్ సేసేరన్నమాట, మల్లీ తీసుకున్నారు" అని, లోపలికెళ్ళి మావయ్యకి ఫోన్ చేశాడు.

అమ్మ దగ్గర కూర్చుని, "నాన్న నన్ను సోనారి ఎందుకు తీసుకెళ్ళాడో తెలుసా?" అని ఊరిద్దామనుకున్నాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ తలెత్తకుండానే, "సొక్కాలు ఉతికిందెవలే?" అంది. "ప్లాంటులో డ్యూటీ సేసినోడి కాలరు అంత తెల్లగా వత్తాదేటి? తెలిసినా అడగనేదు. అడిగితే ఆ డబ్బా అట్టుకుని ఇంకెక్కడికెల్తాడు?"

ఇప్పుడు నాకు వేరే ఉద్యోగం, వేరే ల్యాప్‌టాప్. మూతేస్తే పడుకుంటుంది, తీస్తే లేస్తుంది, దాని గురించి నాకు ఆలోచనే రాదు. నాన్న మాత్రం ఈనాటికీ చుట్టాల్లో ఎవరి ఉద్యోగానికైనా కష్టమొస్తే, "మా అమ్మాయిని కూడా ఒకపాలి సస్పెండ్ సేసేరు, నిలబడ్నేదా?" అంటాడు, అదీ ఎంతో గర్వంగా. మొదట్లో కాదని వాదించేదాన్ని, తరవాత మానేశాను. ఒక పాడు మెషీన్ ఎందుకు లేవడం లేదో తెలుసుకోవాలని ప్రపంచమంతా వెతికిన ఆ సర్వజ్ఞురాలు గుర్తొస్తే నవ్వొస్తుంది. కిందకి దింపగానే లేచిపోయే నన్ను నాన్న ఏ పవర్ బటనూ నొక్కకుండా భుజం మీద వేసుకుని తిరిగాడు, నా బదులు తను సస్పెండయ్యాడు. ఆ సంగతి నాకు చెప్పాలని ఆయనకి అన్నేళ్ళూ అనిపించలేదు, నా ఉద్యోగం పోయిందనుకునేదాకా.