కల్లంలో కోతుల డాక్టరు

గుంటూరు బ్రాడీపేటలో ఓ కోచింగ్ సెంటర్ పైన, రెండు గదుల వాటాలో డాక్టర్ ప్రసన్నకుమార్ కాపురం. గుమ్మం పక్కన బోర్డు కూడా ఉంది: 'పరిణామ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, రచయిత'. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. పేరు ముందున్న డాక్టర్ అన్న ముక్క చదివి మిగతాది వదిలేసిన జనం మెట్లెక్కి వచ్చేవారు. ర్యాంకు రాని పిల్లల్ని తెచ్చారు, నిద్ర పట్టని మామగార్లని తెచ్చారు, ఒకాయనైతే ఎవరొచ్చినా మొరగని కుక్కని తెచ్చాడు. వేల తరాల కిందట మనిషి గుంపులు గుంపులుగా తిరిగిన రోజుల్లో ఈ బుర్ర ఎలా తయారైందో, ఆ పాత బుర్రతోనే ఇవాళ ఆటోవాడితో బేరం ఎలా ఆడుతున్నామో చెప్పడమే తన పని అని ఆయన ఓపిగ్గా వివరించాడు. కుక్కాయన అంతా విని, "అయితే మందు రాయరా?" అన్నాడు.

ప్రసన్నకుమార్ పుట్టింది అద్దంకి దగ్గర పల్లెలో. తల్లి పున్నమ్మ ముప్పయ్యేళ్లుగా మిరప కల్లాల్లో కూలి చేస్తోంది. ఎండిన కాయల రాశి చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి అవతల పడేస్తారు. చేతులు కాయల మీద, నోళ్లు ఊరి మీద. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి సంబంధం ఎందుకు తప్పింది, అన్నీ ఆ రాశి పక్కనే తేలతాయి. పిల్లవాడుగా ఉన్నప్పుడు ప్రసన్నకుమార్ అక్కడే గోనెపట్టా మీద నిద్రపోయేవాడు. తోటి పిల్లలు ఆ ఘాటుకి తుమ్ములతో సరిపెట్టుకున్నారు గానీ, ఈయన మాత్రం పెరిగి పెద్దయి పరిశోధన మొదలుపెట్టాడు.

కోతులు ఒకదానికొకటి పేలు చూసుకుని చెలిమి నిలబెట్టుకుంటాయి. మనిషి గుంపు పెద్దదైపోయింది, అందరి తలలూ చూసే తీరిక లేదు, అందుకని కబుర్లు పుట్టాయి. పై దేశాల పండితులు ఎప్పుడో అన్న మాటే ఇది. కాకపోతే దానికి తాలుకాయల దగ్గర రుజువు వెతకాలన్న ఆలోచన ఈయనది. రికార్డరు పట్టుకుని తల్లి ముఠాలో కూర్చున్నాడు. "అబ్బాయి మిషను తెచ్చాడు, మంచి మాటలు చెప్పండే," అన్నారు ఆడవాళ్లు. ఆ సీజనంతా నలభై గంటలు రికార్డు చేస్తే నలభై గంటలూ చర్చి పాటలే. తరువాతి ఏడు మిషను ఇంట్లో పడేసి తానూ కాయలు ఏరబోయాడు. మొదటి రోజే కారం చేత్తో కళ్లు నులుముకుని, గంతులు వేసి, కుడితి తొట్టిలో తల పెట్టాడు. ముఠా పడీపడీ నవ్వింది. అప్పుడు నోళ్లు విప్పింది. ఆయనకు డాక్టరేటు వచ్చింది అలాగ.

ఆ పరిశోధననే మామూలు జనం చదివేలా 'పేల నుంచి కబుర్ల దాకా' అని పుస్తకం రాశాడు. తప్పు చేసింది అక్కడే. రెండో అధ్యాయంలో ఎడమ పేజీ మీద కొండమెట్ల పైన పేలు చూసుకుంటున్న కోతుల ఫొటో వేశాడు. కుడి పేజీ మీద కల్లంలో కాయలు ఏరుతున్న ముఠా ఫొటో వేశాడు. రెంటికీ కలిపి కింద ఒకే వాక్యం. అది తన జీవితంలో రాసిన మంచి వాక్యమని ఆయన నమ్మకం. పైగా అంతటితో ఊరుకోలేదు. ముఠాలో ప్రతి ఒక్కరికీ సంతకం పెట్టి మరీ ఒక కాపీ ఇచ్చి గుంటూరు వెళ్లిపోయాడు.

పుస్తకం చదివే పని సంఘపెద్ద మార్కు మీద పడింది. మార్కు చర్చిగుడిలో బైబిలు వాక్యం చదివి చదివి, కరెంటు బిల్లు చదివినా అదే రాగం తీస్తాడు. కల్లంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఎడమ పక్క ఎవరంటా?" అని అడిగింది సాజిదా. ముఠాకి మేస్త్రి ఆమే.

"కోతులు."

"కుడి పక్క?"

"మీరే."

"కింద ఏందో రాశాడే?"

"రెండూ చేసేది ఒకటే పని," అని మార్కు రాగం తీసి, అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ముఠా పున్నమ్మకి కబుర్లు చెప్పడం మానేసింది. "వచ్చావా అక్కా, కూర్చో," అనేవారు, మంచినీళ్లు ఇచ్చేవారు. ఆమె కూర్చోగానే ఎండ గురించి మాట్లాడేవారు. ఎండ ఎక్కువగా ఉంది అని ఒకరు, అవును ఎక్కువే అని ఇంకొకరు. పున్నమ్మ చెంబు పట్టుకుని అవతలికి పోతే చాలు, వెనక నుంచి గుసగుసలు గుప్పుమనేవి. తిరిగి రాగానే మళ్లీ ఎండ. ముప్పయ్యేళ్లుగా ఊళ్లో చీమ చిటుక్కుమన్నా ముందు తెలిసిన మనిషికి, పక్కవీధి పెళ్లి సంగతి బ్యాండు మేళం ఇంటి ముందుకొచ్చాక తెలిసింది.

ఎనిమిదో రోజు కొడుక్కి ఫోను చేసింది.

"నాకు బతకాలని లేదురా."

ప్రసన్నకుమార్ కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"మన పక్కింటి కోడలు పుట్టింటికి పోయి వారమైందంట. ఎందుకు పోయిందో నాకు తెలీదు. రెండు రోజులుగా అన్నం పోవట్లేదు." అంటూ సంగతంతా చెప్పింది.

ఇక్కడ కొడుకన్నవాడు ఓదార్చాలి. శాస్త్రవేత్త ఓదార్చలేదు. "అమ్మా, ఇది గుంపు వేసే శిక్ష! ఎనభై నాలుగో పేజీలో నేను రాసిందే!" అని ఎగిరి గంతేశాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

టీచరుగా పనిచేసే భార్య జాస్మిన్ హోంవర్కు పుస్తకాలు దిద్దుతూ అంతా విన్నది. "ఏవండీ, మీ అమ్మగారు ఏడుస్తుంటే పేజీ నంబరు చెప్పారా?" అంది.  అంతకన్నా అనక్కర్లేదు. పున్నమ్మకి డబ్బు లేకపోయినా గడిచేది, నగ లేకపోయినా గడిచేది. ఆ రాశి చుట్టూ ఉన్న చోటు పోతే ఆమెకు ఊరే లేదు. ఆ చోటు ఊడగొట్టింది తనే అని ప్రసన్నకుమార్‌కి అప్పుడు తెలిసొచ్చింది, సిగ్గుతో ముఖం మాడిపోయింది.

ఇంకో నాలుగు రోజులకి సెలవు దొరికింది. రెండు కిలోల మిఠాయి కట్టించుకుని కల్లానికి పోయాడు. కోతి అంటే తిట్టు కాదని, మనందరికీ మూలం ఒకటేనని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ముఠా మిఠాయి తిన్నది, ఉపన్యాసం విన్నది. "ఎండ ఎక్కువగా ఉంది," అంది సాజిదా. రాశికి ఆ చివర పున్నమ్మ తల వంచుకుని కాయలు ఏరుకుంటోంది. ఆమెకు అటూ ఇటూ రెండేసి బారల ఖాళీ.

తన పుస్తకంలోనే ఆయన రాసుకున్నాడు, గుంపులోకి మళ్లీ రావాలంటే గుంపు దగ్గర లేని కబురు తేవాలని. తన దగ్గర ఏముంది? యూనివర్సిటీ గొడవలు వీళ్లకి అక్కర్లేదు. పనికొచ్చే కబురు ఒక్కటే ఉంది. అది జాస్మిన్‌కి కూడా తెలియదు. చెబితే సాయంత్రానికి అద్దంకి, తెల్లారేసరికి గుంటూరు చేరుతుంది. ప్రసన్నకుమార్ తల్లి పక్క ఖాళీలో కూలబడ్డాడు.

"సాజిదా పిన్నీ, గుళ్లో పుల్పిట్ గుడ్డ ఎవరు తీశారో నాకు తెలుసు."

పదిమంది చేతులూ ఆగిపోయాయి. పదకొండేళ్ల కిందట గుడిలో పాస్టరు ప్రసంగం చెప్పే బల్ల, పుల్పిట్ మీద కప్పే ఎర్ర మఖమలు గుడ్డ మాయమైంది. ఊరు ఎంత వెతికినా దొరకలేదు. గుడి అరుగు మీద పెంటికలు కనబడ్డాయని, సాజిదా మొగుడు బుడాన్ మేక దాన్ని తినేసిందని ఊరంతా తీర్మానించింది.

"నేనే తీశాను," అన్నాడు ప్రసన్నకుమార్. అక్కడి నుంచి ఆగలేదు. పరిశోధన మొదటి ఏడు, మిట్టమధ్యాహ్నం, లుంగీ కట్టుకుని చెంబుతో పత్తి చేలోకి పోయాడు. కూర్చున్నాడో లేదో పక్కన నల్లగా ఏదో సర్రున కదిలింది. అరిచి పరుగెత్తాడు. లుంగీ పత్తికంపకి చిక్కుకుంది, ఆయన చిక్కుకోలేదు. దగ్గరలో తలుపు తీసి ఉన్నది గుడి ఒక్కటే. లోపల ఒంటికి చుట్టుకోను పనికొచ్చేది ఆ గుడ్డ ఒక్కటే.

"ఇంతకీ అది ఏం పాము నాయనా?" అడిగింది ఒకామె.

"పాము కాదు. డ్రిప్పు పైపు. అవతల గట్టు మీద ఎవరో లాగారు."

పాముని చూసినా బెదరకుండా నిలబడి గమనించానని ఐదో అధ్యాయంలో రాసిన మనిషి ఈ మాట అన్నాడు.  కల్లం కల్లమంతా గొల్లున నవ్వింది. నవ్వలేక ఇద్దరు రాశి మీద పడిపోయి, కారం ముక్కులోకి పోయి తుమ్ముతూ నవ్వారు.

సాజిదా మాత్రం నవ్వలేదు. "నాలుగేళ్లు దొంగమేక అనిపించుకుని చచ్చిపోయిందిరా మా మేక," అంది. ప్రసన్నకుమార్ చేతులు జోడించాడు. ఆమె కాసేపు బిగబట్టి, ఆఖరికి తానూ నవ్వేసింది. "రెండో పుస్తకంలో దాని ఫొటో వెయ్యి. కింద నిర్దోషి అని రాయి."

ఆ తరువాత పున్నమ్మ వైపు తిరిగింది. "అక్కా, ఇది నీకు తెలుసా?"

"తెలవకేం? ఆ గుడ్డ ఉతికి పెట్టె అడుగున పెట్టింది నేనేగా. సిగ్గేసి, ఆ క్రిస్మస్‌కి కొత్తది కుట్టించి ఇచ్చా. మీ మేకకి మాత్రం అన్యాయం చేశాను సాజిదా."

"మేక సంగతి తర్వాత. పన్నెండు రోజులు మూగదానిలా కూర్చున్నావు. ఈ ఒక్క ముక్క చెప్పుంటే మేమే లెగిసొచ్చి నీ పక్కన కూర్చునేవాళ్లం గదే. చెప్పాలనిపించలా?"

"రోజుకి పదిసార్లు అనిపించింది." పున్నమ్మ ఓ తాలుకాయ ఏరి అవతల పడేసింది. "చెబితే వాడు ఊళ్లోకి ఎట్టా వస్తాడు?"

కబురు లేక అన్నం మానేసిన మనిషి, ఊరంతా నోరూరే కబురుని నాలుక కిందే పెట్టుకుని కూర్చుంది. అలాంటి మనిషి ఎందుకు ఉంటుందో ప్రసన్నకుమార్ ఏ పేజీలోనూ రాయలేదు. ఆయనకు తల్లి మీద అంత ప్రేమా, తన మీద తనకి అంత సిగ్గూ ఎప్పుడూ కలగలేదు. ఏదో అనబోయాడు.

"ఇక లెగు నాయనా," అంది సాజిదా, తాను జరిగి పున్నమ్మ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటూ. "నువ్విక్కడే ఉంటే నీ గురించి ఎట్టా మాట్లాడుకుంటాం?"

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. కంచె దాటుతుంటే వెనక నుంచి తల్లి గొంతు, పన్నెండు రోజుల తర్వాత గట్టిగా, హుషారుగా వినిపించింది.

"వాడు చెప్పింది సగమేనమ్మా. ఆ గుడ్డ మీద హల్లెలూయ అని జరీ అక్షరాలుండేవి గదా, అవి సరిగ్గా ఎక్కడికొచ్చాయో నేను చెబుతా, వినండి."

వెనక్కి పోయి ఆపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆపకుండా అద్దంకి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.